ఏకగ్రీవం మాస్టారు

తెనాలి డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పే సీతారామాంజనేయుల్ని పిల్లలు చాటుగా ఏకగ్రీవం మాస్టారు అనేవారు. ఆయన డాక్టరేటు దాని మీదే మరి. పోటీ లేకుండా సర్పంచిని ఎన్నుకునే ఊళ్లో గొడవలుండవని, నగరం మండలంలో తన సొంత ఊరినే చూపించి మూడొందల పేజీలు రాశాడు. సాక్ష్యంగా దళితవాడలో నూట పన్నెండు మంది చేత "మా ఇష్టంతోనే ఒప్పుకున్నాం" అన్న కాయితాల మీద వేలిముద్రలు వేయించాడు. శాలువా కప్పారు. బాపట్ల నుంచి రేపల్లె దాకా ఓటరు చైతన్య సభ ఎక్కడ పెట్టినా ఆయనే వక్త. చదువుకున్నవాడి గుడ్డితనానికి ఏ డాక్టరూ మందు రాయలేడు.

ఆ శాలువా లాగేసింది రూతు. ఆయన ఊరిపిల్లే, బీఏ రెండో సంవత్సరం. పాఠం మధ్యలో లేచింది.

"సార్, మీ పుస్తకంలో నలభై ఒకటో వేలిముద్ర మా తాత ఏసుపాదానిదండి. నామినేషను వేస్తానన్నాడని, ముందురోజు పశువుల కొట్టంలో కట్టేసి పళ్లు రాలగొట్టారు."

"మరి నేనడిగినప్పుడు చెప్పలేదేంటమ్మా?"

"మీ పక్కన గొడుగు పట్టుకుని నిలబడింది, ఆ కొట్టిన లక్ష్మీనారాయణగారేనండి."

లక్ష్మీనారాయణ ఆయన బాబాయి కొడుకు. ఎండకు తట్టుకోలేవు అన్నయ్యా అంటూ ఇంటింటికీ తిప్పాడని, పుస్తకంలో కృతజ్ఞతలు మొదట వాడికే చెప్పాడు. ఆ రోజు ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. తర్వాత మూడేళ్లు సెలవులన్నీ దళితవాడలో గడిపాడు. విరిగిన కాళ్లు, తగలబడ్డ గుడిసెలు, చెరువులో తేలిన ఒక శవం, అన్నీ రాసుకుని తన పుస్తకం తప్పని తనే అచ్చు వేయించాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని చుట్టాలు నవ్వారు.

ఈసారి సర్పంచి పదవి ఎస్సీ మహిళకు రిజర్వయింది. లక్ష్మీనారాయణ తన పాలేరు భార్య సరోజని నిలబెట్టి, ఏకగ్రీవం అని చాటింపు వేయించాడు. రూతు నామినేషను వేస్తానంది. కానీ ప్రతిపాదిస్తూ ఆ ఊరి ఓటరు ఒకరు సంతకం పెట్టాలి. ఒప్పుకున్న ఇద్దరిలో ఒకడి గడ్డివాము తగలబడింది, రెండోవాడి తలుపు గొడ్డలికి చీలింది. మాస్టారి ఓటు ఇంకా ఊళ్లోనే ఉంది.

"నేను పెడతానమ్మా" అని సంతకం పెట్టేశాడు.

నామినేషన్లకు ఆఖరి రోజు, ఐదింటికి గడువు. కాలవ వంతెన మీద మాస్టారు, రూతు వెళ్తున్న ఆటోకి లక్ష్మీనారాయణ, అతని మనుషులు ట్రాక్టరు అడ్డం పెట్టారు. ఒకడు రూతుని జుట్టు పట్టి ఈడ్చి వంతెన గోడకేసి కొట్టాడు. నుదురు చీలి కంట్లోకి రక్తం కారుతున్నా ఆ పిల్ల సంచి వదల్లేదు. వేళ్లు బూటుకాలితో తొక్కి లాక్కుని, కాయితాలు చింపి కాలవలో పారేశారు.

"ఏ చేత్తో పెట్టావన్నయ్యా సంతకం?" అన్నాడు లక్ష్మీనారాయణ.

ఆ మాట మీదే ఇనపరాడ్డు కుడిచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆయనకే వినిపించింది. రెండో దెబ్బకు వేళ్లు నుజ్జయ్యాయి. మూడోది పక్కటెముకల మీద. చిన్నప్పుడు తనే సైకిలు మీద బడికి దిగబెట్టిన తమ్ముడు. దెబ్బల కంటే అదే ఎక్కువ నొచ్చింది.

పని అయిపోయిందనుకుని వాళ్లు వెళ్లిపోయారు. నామినేషను ఎప్పుడూ రెండు సెట్లు రాసుకోమని క్లాసులో చెప్పింది మాస్టారే. రెండోది రూతు చున్నీతో నడుముకి కట్టుకుని ఉంది. ఆఫీసులో పెట్టొచ్చులే అనుకున్న ఆయన సంతకం ఒక్కటే అందులో లేదు.

నామినేషన్లు తీసుకునే పక్కూరి పంచాయతీ ఆఫీసులోకి ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నడిచారు. ఎన్నికల అధికారి వాళ్లని చూసి లేచి నిలబడ్డాడు. మాస్టారు ఎడమ బొటనవేలు చాపాడు.

"సార్, మీరు వేలిముద్రా?"

"అవునండి. వేసే ముందు నన్నొక మాట అడగండి. ఎవరైనా కొట్టారా, బెదిరించారా అని."

"అది రూల్లో లేదండి."

"తెలుసు. నేను నూట పన్నెండు మందిని అడగలేదు."

అధికారి ఇంకుప్యాడు ఆయన ముందుకు జరిపి, ఆ మాట అడిగాడు.

"కొట్టారండి. వేయొద్దని కొట్టారు" అని మాస్టారు వేలు ఆనించాడు. ఐదింటికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.