సెల్లార్‌ల ఆరో గొంతు

ఇందుల ఒక్క ముక్క కల్పించి చెప్పినా, నాలుగేండ్ల సంది రాస్తున్న నా పీహెచ్‌డీ నీళ్లల్ల కొట్టుకపోనీ. అంతకన్న పెద్ద ఒట్టు నా దగ్గర లేదు. నవ్వుండ్రి... కానీ మొత్తం ఇన్నంక నవ్వుండ్రి.

నేను అశోక్‌నగర్‌ల హాస్టల్‌ల ఉంటున్న గదా. చుట్టూ అందరు సర్కారు నౌకరీలకు చదివేటోళ్లే. నా ఒక్కదానిదే వేరే చదువు. నా టాపిక్ ఏందంటే... పెద్ద దెబ్బ తగిలిన మనిషి, తను ఉండే జాగలనే కూసోని ఏదన్న కొత్తగ నేర్చుకుంటే, లోపల్నుంచి కోలుకుంటదా అని. చెప్తే మస్తుంటది. రాయబోతే తెలుస్తది దాని సంగతి.

దానికోసమే నారాయణగూడల ఒక పాత అపార్ట్‌మెంట్ సెల్లార్‌ల క్లాసు పెట్టిన. వారానికి మూడు రోజులు, మాపటికి ఏడు గంటలకు. జాగ చూపెట్టింది అక్కడి వాచ్‌మన్ భార్య యాదమ్మ. ఆమె, ఇంకో నలుగురు. మొత్తం ఐదుగురు. అందరు పాలమూరు దిక్కు నుంచి పనికొచ్చినోళ్లే. మాది కూడా అటే కాబట్టి మాట తొందరగ కలిసింది. పొద్దంత ఇటుకలు మోస్తరు, ఇండ్లల్ల గిన్నెలు తోముతరు. చీకటి పడంగనే పలకలు పట్టుకొని వస్తరు. మీటర్ బోర్డుల కింద ట్యూబ్‌లైట్ మంచిగుంటది. అక్కడ్నే చాప పరిచేటోళ్లం.

ఐదుగురికీ ఒక్కో దుఃఖం ఉంది. అందుల చెన్నమ్మది పెద్దది. ఆమె పెనిమిటి సెంట్రింగ్ పనిల మూడో అంతస్తు నుంచి పడి చనిపోయిండు. ఆ బిల్డింగ్ ఇక్కడికి రెండు గల్లీల అవతలనే. చెన్నమ్మ ఒక్క క్లాసు తప్పలే. చివరికి కూసుంటది, పలక మీద ముత్యాల్లాగ రాస్తది. కానీ నోరు తెరవదు. అందరు కలిసి చదువుతుంటే పెదవులు కూడ కదలవు. ఎనిమిది నెలలు... ఒక్క అక్షరం ఆమె నోట్లకెల్లి రాలే.

మా గైడ్ మేడం నా నోట్సు చూసి, "అంతా బాగనే ఉందమ్మా. మరి కోలుకోవడం ఎక్కడుంది ఇందులో? నాకు కనిపించట్లేదు" అన్నది. నాకు కూడ కనవడ్తలేదు, నిజం చెప్పాల్నంటే. ఇగ బంద్ చేద్దాం, వేరే టాపిక్ తీస్కుందాం అనుకున్న. ఆ మాట చెప్పడానికే ఆ దినం పోయిన. ఉత్త చేతుల్తోని ఎట్ల చెప్పాలె అని, చిక్కడపల్లిల దిగి ఉస్మానియా బిస్కెట్లు కొన్న. సన్నగ జల్లు పడుతుంది. నారాయణగూడ చేరేసరికి ఇగ వాన కాదది... ఆకాశం చిల్లు పడ్డట్టు.

సెల్లార్‌లకు పోతే ఐదుగురూ వచ్చి కూసున్నరు. ఆ వానల కూడ! నాకు చెప్పబుద్ధి కాలే. క్లాసు అయినంక చెప్దామని మొదలువెట్టిన. ఆ రోజు 'మ' గుణింతం.

ఎనిమిది కాలే ఇంకా. ఠప్పుమని కరెంటు పోయింది.

సెల్లార్ చీకటి ఎట్లుంటదో తెల్సా... కండ్లు తెరిచినా మూసినా ఒక్కటే. వాళ్ల ఫోన్లు పైన యాదమ్మ రూంల ఛార్జింగ్‌ల ఉన్నయి. నా ఫోను బ్యాగుల ఉంది. బ్యాగేమో దూరంగ ఎవలిదో స్కూటీ హ్యాండిల్‌కి తగిలిచ్చిన. తడుముకుంట లేచిన.

"భయపడకుండ్రి. నేను ఫోను తెస్త. అందాక చూడకుండనే చెప్పుండ్రి," అన్న.

మొదలువెట్టిన్రు. "మ... మా... మి... మీ..."

నేను స్కూటీలు పట్టుకుంట పోతున్న. చల్లటి ఇనుము... ఒకటి... రెండోది...

"ము."

ఆగిన.

ఆ గొంతు చాప దిక్కుకెల్లి రాలే. మెట్ల దిక్కుకెల్లి వచ్చింది. వీళ్లందరికన్న ఒక అడుగు ముందు. తర్వాత వీళ్లు అందుకున్నరు, "ము..."

"మూ." మళ్ల అదే గొంతు. ఆడమనిషిది. పెద్దగ లేదు. జర ఆయాసం ఉంది అందుల... మెట్లెక్కుకుంట మాట్లాడితే వస్తది చూడుండ్రి, గట్ల. ఈసారి ఇంకొంచెం పైకెల్లి వినబడ్డది.

ఎవలో లేచి పైకి పోతున్నరు అనుకున్న.

"మృ."

నా ఒళ్లు జల్లుమన్నది.

ఎందుకంటే... నేను వాళ్లకి 'మృ' చెప్పలే. కష్టమైతదని వదిలేసిన. 'మూ' తర్వాత సీదా 'మె'నే నేర్పిన. ఆ సెల్లార్‌ల ఆ అక్షరం తెల్సినదాన్ని నేనొక్కదాన్నే. మరి నేను నోరు తెరవలే.

"మౄ..."

ఈసారి చాప మీదోళ్లు ఎవ్వలూ అందుకోలే. వాన చప్పుడొక్కటే.

"ఎవలమ్మా అది? చీకట్ల ఎటు పోతున్నవ్?" అని అరిచిన. 

"మె." ఇంకో మెట్టు పైన.

నిజం చెప్తున్న, అప్పుడు నాకు భయం కన్న కోపమొచ్చింది. తడి మెట్లు. జారి పడితే దవాఖానకు ఎవలు తీస్కపోవాలె? ఫోను సంగతి మర్చిపోయిన. "లేవుండ్రి అందరు. గోడ పట్టుకొని నా ఎన్క రాండ్రి. ఎవలో పైకి పోతున్నరు," అన్న. లేచిన్రు. గాజుల చప్పుడు, చెప్పుల చప్పుడు... నా ఎన్కనే.

మెట్లెక్కుతున్నం. ఆ గొంతు మాకు నాలుగైదు మెట్ల ముందట. నేను తొందరగ ఎక్కితే... అది కూడ అంతే దూరం. నేను ఆగితే... అది కూడ ఆగుతుంది. మళ్ల మెల్లగ... "మే... మై..."

అప్పుడు గమనించిన ఒక సంగతి. మా చెప్పులు తపతప కొట్టుకుంటున్నయి. ముందట మాత్రం అడుగుల చప్పుడు లేదు. గాజు లేదు, చీర రాపిడి లేదు. ఉత్త అక్షరాలే... గాలిల.

"మొ... మో... మౌ..."

"మం..."

"మః."

ఆగింది.

నా చెయ్యి గ్రౌండ్ ఫ్లోర్ గ్రిల్లుకు తగిలింది. సరిగ్గ అప్పుడే మెరుపు. వరండ మొత్తం తెల్లగ కనవడ్డది... ఈ కొస నుంచి ఆ కొసదాక.

ఎవ్వరు లేరు.

అంతల్నే ఎనకకెల్లి ఢమాల్‌మని చప్పుడు. బిల్డింగ్ అదిరింది. పక్క ప్లాటు దిక్కున్న గోడ కూలింది. దాని ఎన్క ఆగి ఉన్న నీళ్లన్ని ఒక్కపారి ర్యాంపు మీదికెల్లి సెల్లార్‌లకు దుంకినయి. ఆ హోరు... ఇప్పటికీ చెవుల్ల ఉంది.

చేతులు తడిమి లెక్కవెట్టిన. యాదమ్మ... ఇంకొకామె... ఇంకొకామె... నాలుగు.

నాలుగే.

"చెన్నమ్మా!"

నీళ్ల హోరు.

"చెన్నమ్మా! ఏడున్నవే!"

యాదమ్మ ఏడ్వవట్టింది. నేను గోడ పట్టుకొని కిందికి దిగిన... సగం మెట్లు దిగంగనే కాలికి నీళ్లు తగిలినయి. ఇంత పైదాక వచ్చినయా!

అప్పుడు... కిందికెల్లి, గట్టిగ, గొంతు చించుకొని—

"మేడమ్! ఈడున్న! చెయ్యియ్యి... చెయ్యియ్యి!"

ఆ గొంతు నేనెన్నడు ఇనలే. ఎనిమిది నెలల్ల మొదటిసారి. చీకట్ల చెయ్యి చాపిన. సిమెంటుకు పగిలిన చెయ్యి, మంచు లెక్క చల్లగ... గబుక్కున దొరికింది. యాదమ్మ నా నడుము పట్టుకున్నది. గుంజినం. రొమ్ములదాక తడిసి పైకొచ్చి మా మీద పడ్డది. మోకాలు నొప్పికి ఆమె అందరికన్న ఆఖరుకు లేచిందంట.

నాలుగు నిమిషాలు కూడ కాలే అనుకుంట. కింద నీలం రంగు మంట ఒక్కటి... చిటచిటా... ఠాప్! కరెంటు ఒక్క క్షణం వచ్చి పోయింది. మీటర్ బోర్డులు కాలిన వాసన మెట్ల మీదికొచ్చింది. మేం చాప పరిచిన జాగ అదే.



తర్వాత ఫస్ట్ ఫ్లోర్ ఆంటీ కొవ్వొత్తి, టవళ్లు, చాయ్ తెచ్చింది. వాచ్‌మన్ గేటు కాడ బాగనే ఉన్నడు. మెట్ల మీదనే కూసున్నం ఆర్గురం, ఒకరికొకరం ఆనుకొని. యాదమ్మ నవ్వుకుంట ఏడుస్తుంది. చెన్నమ్మైతే... మాట ఆగలే తల్లీ ఆమెకు! చాయ్ చల్లారిపోతున్నా మాట్లాడుతనే ఉన్నది. పెనిమిటి పడ్డ దినం సంగతి, ఆయన జేబుల దొరికిన బస్ టికెట్ సంగతి... అన్ని చెప్పింది. మేం ఇంటున్నం. మధ్యల మధ్యల నవ్వుతుంది కూడ.

జరసేపటికి యాదమ్మ అడిగింది, "అయినా మీకెట్ల తెల్సింది మేడమ్, నీళ్లొస్తయని? ఎవలో పైకి పోతున్నరని మమ్మల్ని లేపి, మీరే సదువుకుంట ముందట నడిస్తిరి గదా?"

"నేనా? నేను మీ ముందటనే ఉన్న. నా ముందట పోయింది మీల ఎవలో గదా?"

ఒకరి మొఖం ఒకరు చూస్కున్నరు. కొవ్వొత్తి ఎలుగుల ఆ ఐదు మొఖాలు... ఇప్పటికీ కండ్ల ముందటనే ఉన్నయి.

"మేం మీ ఎన్కనే ఉంటిమి మేడమ్. అందరం."

చెన్నమ్మ మెల్లగ అన్నది, "నడిమిట్ల ఏందో కొత్త అచ్చరం వచ్చె గదా... అది మీరు మాకు నేర్పలే."

అంటే... నా ఒక్కదాని భ్రమ కాదు.

తెల్లారినంక అడిగిన అందర్ని. గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు రెండు నెలల సంది తాళం. ఆంటీ ఆ టైంల కిందికే రాలే. ఈ జాగల ముందు ఏముండే అని పక్క కిరాణా తాతను అడిగితే పాత ఇల్లుండే అన్నడు. ఎదురింటాయన గోదాం అన్నడు. ఎవలికి సరిగ్గ గుర్తు లేదు. మా గైడ్ మేడంకు మొత్తం చెప్పిన. తిడ్తదనుకున్న. "జరిగింది జరిగినట్టు రాయి. ఎవరన్నది మాత్రం నువ్వు తేల్చకు," అన్నది.

క్లాసు బంద్ కాలే. ఇప్పుడు టెర్రస్ మీద రేకుల షెడ్డుల నడుస్తుంది. చెన్నమ్మను ఊకుంచుడే నాకు పెద్ద పని.

భయమైతలేదా అని అడుగుతరు అందరు. చీకట్ల సదువుకుంట పోయినామె ఎవలో, అసలు మనిషేనో కాదో... నాకు తెల్వదు. కానీ ఒక్క మాట చెప్త. ఆ రాత్రి ఆటో దొరకలే. మోకాళ్లలోతు నీళ్లల్ల నడుచుకుంట హాస్టల్‌కు వచ్చిన. బట్టలు మార్చుకొని పడుకున్న. లైటు ఆర్పుదామా వద్దా అని జరసేపు ఆలోచించిన... ఆర్పేసిన. కలత లేదు, కల లేదు. తెల్లారి పక్క రూం పిల్ల వచ్చి తలుపు దబదబ కొట్టేదాక నిద్ర లేవలే.