గోధుమపిండి మర్యాద

మా కాకకు, అంటే నాన్న తమ్ముడికి, అన్నం తినేవాళ్లంటే చులకన. ఆయన్ని కన్న తండ్రి మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచ చుట్టుపక్కల ఊళ్లలో పరాయి వరి పొలాల్లో కైకిలి చేసి బతికిన మనిషి. కాక మాత్రం నాలుగు మరాఠీ ముక్కలు నేర్చి సర్కారు గుమాస్తా అయ్యాడు. ఆ మర్నాటి నుంచే రెండు పూటలా చపాతీలు. "అన్నం తిని తిని మనోళ్ల బుర్రలు మొద్దుబారినయి. గా ఆఫీసర్లను సూడుండ్రి, ఏం తింటున్నరు?" అనేవాడు. ఇరవై ఏళ్లు చపాతీలు తిన్నా ఆయన కుర్చీ జానెడు కూడా ముందుకు జరగలేదు. ఆ సంగతి మా ఉమ్మడి ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు.

టీచర్ ఉద్యోగం వస్తుందని నన్ను చామోర్షిలో డి.ఎడ్.లో చేర్పించి, ఒక హాస్టల్లో వేశారు. అక్కడా చపాతీలే, చివర్లో గరిటెడు అన్నం. మూడు నెలల్లో కడుపు ఉబ్బింది, విరేచనాలు పట్టుకున్నాయి, దువ్వెన నిండా వెంట్రుకలే. సెలవులకు ఇంటికొచ్చి వారం రోజులు అన్నం, పప్పుచారు తింటే తేరుకునేదాన్ని. మళ్లీ హాస్టల్, మళ్లీ అదే గోస. ఇంత తేటగా కనబడుతున్న దాన్ని మా ఇంటి మేధావి ఎలా అర్థం చేసుకున్నాడో వినండి. "సదువు మీద మనసు లేదు. అన్నీ నాటకాలు!" హాస్టల్ మేడం తెలుగోళ్ల పిల్లలు ఇంతేనని మూతి తిప్పింది. మందులిచ్చే ఆయన నులిపురుగుల మాత్రలిచ్చి, చపాతీలు బాగా తినమన్నాడు. దాంతో బలానికని అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, ఇంట్లో కూడా నాకు చపాతీలు మొదలుపెట్టింది. ఇక నాకు ఇంటి దగ్గర కూడా దిక్కు లేకుండా పోయింది.

ఒకరోజు ట్రైనింగులో భాగంగా బడిపిల్లలకు పాఠం చెబుతూ కళ్లు తిరిగి పడిపోతే కాక నన్ను నాగపూర్ తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు నోట్లోంచి గొట్టం దింపి, పేగు ముక్క పరీక్ష చేయించి, సీలియాక్ అన్నాడు, గోధుమల్లో ఉండే గ్లూటెన్ పేగులకు పడని జబ్బట. గోధుమలు, రవ్వ, మైదా, సేమ్యా జన్మలో ముట్టకూడదట. బియ్యం, జొన్నలు, మక్కజొన్నలు తినొచ్చట. నాకు నవ్వొచ్చింది. మా వాళ్లు ఏ తిండిని చూసి సిగ్గుపడుతున్నారో అదే నాకు మందు! కాకకు నవ్వు రాలేదు. "గోధుమలు పడని మనిషి ఉంటదా? దునియా అంతా తింటలేదా?" అని బస్సులో ఆలపల్లి దాకా అదే పాట పాడి, ఇంటికొచ్చి తీర్పు చెప్పాడు. ఎండాకాలం సెలవులు ముగిసేలోపు నేను తేరుకోవాలి, లేకపోతే చదువు బంద్. నాన్న తలూపాడు. తమ్ముడు ఏమన్నా తలూపడమే ఆయనకు తెలిసిన పని.

ఇక నా పరేషాన్ చూడాలి. కిరాణా కొట్లో గ్లూటెన్ లేని బిస్కెట్లు అడిగితే "షుగర్ లేనివి ఉన్నయి, నడుస్తదా?" అన్నాడు కొట్టాయన. ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతారని తెలిసి ఆ డబ్బా అవతల పారేశాను. పిండి గిర్నిలో గోధుమలు పట్టిన చోటే జొన్నలూ పడతారు కాబట్టి, మూలన పడున్న ఇసుర్రాయి బయటికి లాగి చేతులు బొబ్బలెక్కేలా నేనే విసురుకున్నాను. "ఏందే, గోధుమలకు మైల తాకిందా?" అని పక్కింటి ఆడవాళ్లు పకపకా నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. నాకు కావలసింది కాలేజీ. పగలు అన్నం, సాయంత్రం అవ్వ కాల్చిన జొన్నరొట్టె తిన్నాను.

నెలన్నర గడిచినా విరేచనాలు ఆగలేదు. కాక మొహం వెలిగిపోయింది. "సూసిండ్రా? గోధుమలు బంద్ జేసినంక ఇంకింత ఎండిపోయింది." ఆ మనిషి మాటే నిజమేమో, డాక్టరే తప్పేమో అని నాకూ భయం పట్టుకుంది. పెరట్లోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చాను.

సెలవులు ఇంకో వారంలో అయిపోతాయనగా, ఒక సాయంత్రం నీళ్లకని వంటింట్లోకి పోయాను. అవ్వ నా జొన్నపిండి ముందేసుకుని కూర్చుంది. పక్కన కాక చపాతీల కోసం ఉంచిన గోధుమపిండి డబ్బా మూత తీసి ఉంది. అందులోంచి పిడికెడు తీసి నా పిండిలో కలిపింది.

"ఎన్ని దినాల సంది?" అన్నాను.

అవ్వ ఉలిక్కిపడింది. "మొదటి సంది. ఒట్టి జొన్నరొట్టెతోని బలమెట్లొస్తది బిడ్డా? పిడికెడే ఏసిన. నేను కైకిలికి పోయిన కాడ దొరసాని చపాతీలు కాలుస్తుంటె వాసన సూసుడే గని నోట్లె వెట్టింది లేదు. నా బిడ్డకు నేను పెట్టుకోవద్దా?"

నాకు జాలి కలగలేదు. ఒళ్లు మండిపోయింది.

"నీకంటె ఆ హాస్టల్ మేడమే నయం. ఆమె నా కండ్ల ముంగటనే పెట్టింది" అన్నాను.

అవ్వ ఆ పిండి తీసుకుపోయి బర్రె కుడితిలో కలిపింది. ఆనాటి నుంచి నాకు అన్నం ఒక్కటే. కాక ముందు ఎన్నడూ నోరెత్తని మనిషి, మర్నాడు ఆయన ఎదురుగా నిలబడింది. "తప్పు నాది. నేనే కలిపిన. పిల్లను కాలేజీకి పంపుండ్రి" అంది. కాక చపాతీ తుంచుకుంటూ నవ్వాడు. "పిడికెడు పిండికి ఎవ్వరన్న బీమార్ పడుతరా? తల్లీబిడ్డలు మంచిగ కథలల్లిండ్రు." నాన్న మామూలుగానే తలూపాడు.

నెల తిరిగేసరికి నా కడుపు కుదుటపడింది. అప్పటికే కాలేజీ తెరిచారు. ఆ ఏడాదంతా నేను ఇంట్లోనే ఉన్నాను. తర్వాతి ఏడు కొట్లాడి పోయి, అద్దె గదిలో అన్నం వండుకుంటూ చదువు ముగించాను.

ఇప్పటికీ నేను ఇంటికి పోతే అవ్వ వడ్డించే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, రెండు అరచేతులూ చాపి నాకు చూపిస్తుంది. అక్కర్లేదని నేను ఇంతవరకు అనలేదు.