ఆరు ఊళ్ళ ప్లానుకి బిషాన్‌లో మాక్ రన్

మావారికి బైపాస్ అయిన ఆరో నెలలో మేము యూరప్ వెళ్ళాలనుకున్నాం. అనుకున్నది ఆయన, సరేనన్నది నేనూ, పద్నాలుగేళ్ళ మా అమ్మాయి హారికా. వైటూకే పని మీద సింగపూర్ వచ్చిన మనిషి, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌కి గిరాకీ పెరిగిన ఏళ్ళల్లో నెలకో దేశం తిరిగారు. వెళ్ళిన ప్రతి ఊరి నుంచీ హారికకి ఒక ఫ్రిజ్ మాగ్నెట్ తెచ్చేవారు. ఈ ప్రాజెక్టు అవ్వనీ, ముగ్గురం కలిసి వెళ్దాం అనేవారు. ప్రాజెక్టులు అయ్యాయి, కొత్తవి వచ్చాయి, చివరికి ఆయన గుండె మొరాయించింది. ఆస్పత్రి నుంచి వచ్చి కాస్త తేరుకోగానే ఎక్సెల్ షీట్ తెరిచారు: ఆమ్‌స్టర్‌డామ్, బ్రస్సెల్స్, పారిస్, ఫ్రాంక్‌ఫర్ట్, వియన్నా, మిలాన్. ఆరు ఊళ్ళు, పదమూడు రోజులు. ఫ్రిజ్ మీద ఉన్నవన్నీ ఉన్నాయి.

షీటు చూసి నాకు ఒళ్ళు మండింది. ఒకచోట రైలు మారడానికి ఏడు నిమిషాలు. పారిస్‌లో రాత్రికి డెబ్బై యూరోలకి దొరికిందని నాలుగో అంతస్తు గది, లిఫ్ట్ లేదు. విమానం ఎక్కొచ్చు గానీ బరువులు మోయొద్దు, మెట్లు మెల్లగా ఎక్కాలి అని డాక్టర్ చెప్తే, ఈయన మొదటి సగమే చెవికెక్కించుకున్నారు. వారం రోజులు పోట్లాడి, చివరికి ఆయన ఆఫీసు మాటే వాడాను. "మీ ఆఫీసులో మాక్ రన్ చేయకుండా ఏదైనా లైవ్‌కి వదుల్తారా?" అన్నాను. అసలు పనికి ముందు చేసి చూసే రిహార్సల్ అది. ఆయనే క్యాలెండర్ తీశారు. శనివారం ముహూర్తం పెట్టుకున్నాం.

పొద్దున్న తొమ్మిదికి చోవా చూ కాంగ్‌లో మా ఫ్లాట్ నుంచి బయల్దేరాం. చలికోట్లతో సహా నిజంగానే సర్దిన మూడు సూట్‌కేసులు. అన్నిటికన్నా బరువైనది నా చేతిలోంచి ఆయనే లాక్కున్నారు. జురాంగ్ ఈస్ట్‌కి మెట్రోలో పది నిమిషాలు. అక్కడా, సిటీ హాల్‌లోనూ రైలు మారితే గంటంపావులో బిషాన్. మనిషికి రెండు డాలర్లలోపే. జురాంగ్ ఈస్ట్‌లో మారాల్సిన రైలు ఎదురుగానే, తలుపులు తెరుచుకుని ఉంది. ఈయన మాత్రం గోడ మీది మ్యాప్ చదువుతున్నట్టు నిలబడిపోయారు. అన్నేళ్ళుగా తిరిగే దారికి మ్యాప్ ఎందుకో నాకు తెలుసు, ఆయాసం కనపడకుండా. రైలు వెళ్ళిపోయింది. మూడు నిమిషాల్లో ఇంకోటి వస్తుందన్నారు.

"వియన్నాకి నెక్స్ట్ ట్రైన్ టూ అవర్స్ తర్వాత లా, నాన్నా," అంది హారిక, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర 'లా' తగిలించి, చేతిగడియారం చూస్తూ. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బిషాన్‌లో సరోజ ఆంటీ ఇంట్లో మాకు భోజనం. మలేషియాలో పుట్టి పెరిగి, తమిళం, మలయ్ కలిపి మాట్లాడే తెలుగావిడ, మాకిక్కడ పెద్దదిక్కు. వాళ్ళ పాత బ్లాకులో లిఫ్ట్ అన్ని అంతస్తుల్లోనూ ఆగదు. ఆవిడుండే నాలుగో అంతస్తుకి వెళ్ళాలంటే ఐదులో దిగి, ఒక అంతస్తు మెట్లు దిగాలి. పారిస్ గది కూడా నాలుగో అంతస్తే కదా అంటూ ఈయన లిఫ్ట్ వదిలేసి, సూట్‌కేసు ఎత్తుకుని కింది నుంచే మెట్లెక్కడం మొదలుపెట్టారు. వద్దని ఒక్క మాట అనొచ్చు. పరీక్ష పెట్టిందే నేను. ఓడిపోతే దారికి వస్తారన్న పంతంతో ఊరుకున్నాను.

రెండో అంతస్తు మలుపులో సూట్‌కేసు దించి, దాని మీదే కూలబడ్డారు. ముఖమంతా చెమట, చెయ్యి గుండె మీద. నా ప్రాణం పోయినంత పనైంది. హారిక కేకకి సరోజ ఆంటీ మంచినీళ్ళతో దిగివచ్చింది. "ఏం మాట్లాడొద్దు తంబీ, మెదువుగా ఊపిరి తీసుకో," అంటూ వీపు నిమిరింది. పది నిమిషాలకి ఆయన ముఖంలోకి రంగొచ్చింది. అప్పుడు నా వైపు చూడలేదు, హారికతో అన్నారు.

"ఆ ఊళ్ళేయీ నేను చూళ్ళేదమ్మా. మాగ్నెట్లన్నీ ఎయిర్‌పోర్టులో కొన్నయే. నీకన్నీ చూపిస్తానన్నాను కదా, ఇప్పుడు ఒక్కటీ తీసెయ్యలేకపోతన్నాను."

హారిక ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. "ఐ నో, నాన్నా. వెనకాల స్టిక్కర్ మీద ఎయిర్‌పోర్ట్ షాప్ పేరు ఉంటుంది. నాకు సిటీస్ వద్దు లా. నువ్వు ఉంటే చాలు."

ఆపరేషన్ రోజున కూడా కన్నీళ్ళు పెట్టని మనిషి ఆ మెట్ల మీద ఏడ్చారు. నాకు సిగ్గేసింది. ఆయన్ని ఓడించాలనుకున్నాను, ఓడించాను.

ముందు మకాన్, అంటే తిండి, తర్వాతే ప్లాన్లు అని ఆంటీ అందరికీ అన్నం పెట్టింది. తిన్నాక ఆయనే షీటు ప్రింటు తీసి అన్ని ఊళ్ళూ కొట్టేసి, కొత్తది ఎంచమని హారికకి పెన్ను ఇచ్చారు. అది బ్రూజ్ అని రాసింది. బెల్జియంలో కాలువల మధ్య, ఎత్తుపల్లాలు లేని చిన్న ఊరు. బ్రస్సెల్స్‌కి నాలుగుసార్లు వెళ్ళిన మనిషి, గంట రైలు దూరంలో ఉన్న ఆ ఊరికి ఒక్కసారీ వెళ్ళలేదు. వీసా పని కూడా తేలికైంది. ఆరు హోటళ్ళ కాగితాల బదులు ఒక్కటే. ఆ తర్వాత వచ్చిన మే నెలలో ఎనిమిది రోజులు అక్కడ, కింది అంతస్తు గదిలో ఉన్నాం.

ఇంటిల్లిపాదీ వెళ్ళేటప్పుడు ప్లాను వేసేవాళ్ళం మన ఓపికనో, మన బాకీనో లెక్కలోకి తీసుకుంటాం. పక్కనున్నవాళ్ళకి ఏం కావాలో అడగం. నేనూ అడగలేదు, గెలవాలని చూశాను. అందుకే ఒక్క సలహా: టికెట్లు కొనకముందే సామాను సర్ది, మీ ఊళ్ళోనే ఒక రోజు రైళ్ళు మారి చూడండి. ఇంట్లో ఒంట్లో బాగాలేనివాళ్ళుంటే వాళ్ళ చేతిలో బరువు పెట్టకండి, నాలాగా పంతానికి పోకండి. వాళ్ళ నడకని బట్టే టైములు రాసుకోండి. బ్రూజ్‌లో మూడో రోజు సాయంత్రం కాలువ పక్క బెంచీ మీద కూర్చున్నప్పుడు, రేపు ఎక్కడికని హారిక అడిగింది. ఆయన కాళ్ళు చాపుకుని, ఇక్కడికే అన్నారు.