గార వదిలించే పని మా తమ్ముడిది

వర్తక సంఘం వాళ్ళు నాకు శాలువా కప్పిన రోజున నేను మైకులో చెప్పిన కథలో బాత్రూము ఒక్కటే నిజం. ఈమధ్య మా కొట్టుకు వచ్చిన ఒకాయన ఆ కథే చెప్పి, "ఆ తమ్ముడిలా తయారవ్వకు" అని కొడుకుని మందలించడం విన్నాను. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు. దాని వెనకే ఇల్లు. ఇక్కడి నేలలో సున్నపురాయి ఉంది కనుక బోరు నీళ్ళు పడ్డ చోటల్లా తెల్లటి గార కడుతుంది. ఇల్లు బాగుచేయిస్తున్నప్పుడు మేస్త్రీ మా బాత్రూము చూసి, టైల్స్ రంగే కనబడటం లేదు, పగలగొట్టి కొత్తవి వేయాల్సిందే అన్నాడు. నాకు ఖర్చు పెట్టబుద్ధి కాలేదు. మా తమ్ముడు వత్సవాయిలో పెట్టిన కొట్టు మూతపడి, అప్పటికి నా ఇంట్లోనే ఉంటున్నాడు. వాడి చేతికి బ్లేడు ఇచ్చి గీకమన్నాను.

"కొట్టు ఎలాగూ ముంచావు. గారన్నా వదిలించు, తిన్నది అరుగుద్ది," అన్నాను. మేస్త్రీ నవ్వాడు. వాడు నవ్వాలనే నేనన్నది.

తమ్ముడు పొద్దస్తమానం గీకేవాడు. వేళ్ళు పగిలాయి. యాసిడ్ పోసి చూస్తే టైలు మెరుపు పోయింది, దానికీ తిట్టాను. చివరికి కొట్టులో అమ్మే నిమ్మ ఉప్పు నీళ్ళలో కలిపి, పాత పంచె గుడ్డలు అందులో తడిపి గోడకి అంటించాడు. సాయంత్రం వాటిని ఊడదీస్తే గార మెత్తబడి పెచ్చులుగా రాలింది. కింద నుంచి లేత ఆకుపచ్చ టైల్స్ బయటపడ్డాయి. మా ఆవిడ ఇరుగుపొరుగుని పిలిచి చూపించింది. నేను మాత్రం నిమ్మ ఉప్పు ఎంత తగలేశావని అడిగాను.

పక్కింటివాళ్ళు తమ బాత్రూము కూడా చేసిపెట్టమన్నారు. తర్వాత వాళ్ళ చుట్టాలు అడిగారు. తమ్ముడు ఈల వేసుకుంటూ పనికి వెళ్ళడం అప్పుడే చూశాను. అంతలో ఒక ఖాతాదారు కొట్టులో అందరి ముందూ, "ఏం శెట్టిగారూ, మీ తమ్ముడు కందిపప్పు తూచేది కూడా ఆ చేత్తోనేనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి వాణ్ణి సరుకు ముట్టుకోనివ్వలేదు. ఊళ్ళో ఆ పని చేయడానికి వీల్లేదన్నాను. ఒక కంచం, ఒక గ్లాసు విడిగా పెట్టించి, పెరటి అరుగు మీద తినమన్నాను. మా ఆవిడ ఒకసారి ఆ కంచాన్ని మిగతావాటితో కలిపి కడిగితే ఆవిడ మీద కూడా అరిచాను.

వాడు అలాగే అరుగు మీద తిన్నాడు. రోజూ బస్సెక్కి నందిగామ వెళ్ళి అక్కడ చేసుకోసాగాడు. అక్కడ మా కులపాయనే, బట్టల కొట్టున్న ఒకాయన ఇంట్లో పని చేస్తుంటే, ఆయన కూతురు వాడికి కాఫీ ఇచ్చిందట. ఇంట్లో అందరూ తాగే గ్లాసులోనే ఇచ్చిందని మా ఆవిడతో చెప్పుకుని మురిసిపోయాడు. ఆ పని మీద ఆయనకి చిన్నచూపు లేదు. వాడి నెమ్మది ఆయనకి నచ్చింది, ఆ అమ్మాయికీ నచ్చింది. ఇంటికి పెద్దవాణ్ణి కనుక నన్ను అడగడానికి ఆయనే వస్తానన్నాడు.

ఆయన వచ్చే ముందురోజు తమ్ముడు నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "అన్నయ్యా, నీకిష్టం లేకపోతే పెళ్ళికి రాకు, పర్లేదు. ఆ కంచం సంగతి మాత్రం ఆయన ముందు ఎత్తొద్దు."

ఆయన వచ్చి, వచ్చీరాగానే విషయం ఎత్తడం బాగుండదని కాసింత బెల్లం తూయించుకున్నాడు. "మీ తమ్ముడిది కష్టపడే గుణమండి. మా అమ్మాయిని ఇద్దామనుకుంటున్నాం. మీరేమంటారు?" అన్నాడు.

"మీకు లేని అభ్యంతరం నాకేముందండి. మా ఇంట్లో మాత్రం వాడికి కంచం వేరు. అరుగు మీద తింటాడు. మీ అమ్మాయి వచ్చాక ఇంకోటి కొంటాం."

వేళాకోళం అనుకుని ఆయన నా మొహంలోకి చూశాడు. "సొంత తమ్ముడికా?"

"లోపలికొచ్చి చూడండి. కడిగి బోర్లించే ఉంది."

ఆయన లోపలికి రాలేదు. బెల్లం కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. నేను దాన్ని మళ్ళీ బుట్టలో వేశాను. వాడు బాగుపడితే నా మాట కింద పడి ఉండేవాడు ఇంట్లో ఎవడూ ఉండడని నా భయం. పరువూ అదీ అని తర్వాత నాకు నేను చెప్పుకున్నవే.

ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళి కంచం సంగతి చెప్పడానికి నోరు రాక కాబోలు, అబ్బాయే వద్దన్నాడని కూతురికి చెప్పాడు. నాకది కలిసొచ్చింది. బంధువుల్లో నేనూ అదే మాట వేశాను. ఏం చెప్పావన్నయ్యా అని తమ్ముడు అడిగితే, ఉన్నదే చెప్పానన్నాను. వాడు నిమ్మ ఉప్పు గుడ్డల సంచి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. నందిగామలో ఒక ఎరువుల కొట్టులో గుమాస్తాగా చేరాడు. ఆ పని మళ్ళీ ముట్టుకోలేదు.

గార పని కోసం ఫోన్లు మాత్రం మా కొట్టుకు వస్తూనే ఉన్నాయి. మనుషుల్ని పెట్టి పంపించాను. చేతులు నావి కానప్పుడు నాకు నామోషీ ఏముంది? బోర్డు పెట్టాను, వ్యాను కొన్నాను. హైవే మీది హోటళ్ళు, నందిగామ అపార్ట్‌మెంట్లు, వీరులపాడు వైపు కొత్త ఇళ్ళు, అన్నిచోట్లా మావాళ్ళే. శాలువా కప్పిన రోజు తమ్ముణ్ణి పట్టుబట్టి పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టాను. గీకి గీకి విసుగొచ్చి ఈ ఉపాయం నేనే కనిపెట్టానన్నాను. "మావాడికి అప్పజెబితే సిగ్గుపడి పారిపోయాడు. వచ్చిన సంబంధం కూడా కాదన్నాడు. అదుగో, వాడే," అని చూపించాను. సభ వాడివైపు తిరిగి నవ్వింది. వాడు తల దించుకోలేదు. నన్నే చూస్తూ కూర్చున్నాడు.

మొన్న నందిగామ వెళ్ళి, సంఘంలో నిజం చెప్పేస్తానని వాడితో అన్నాను. యూరియా బస్తాల పక్కన కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. పెళ్ళి చేసుకోలేదు.

"చెప్పు. ఇంకో శాలువా కప్పుతారు," అన్నాడు. పక్క బస్తా సర్ది మళ్ళీ తనే అన్నాడు: "ఆ బట్టల కొట్టు వాళ్ళమ్మాయి ఈ ఊళ్ళోనే ఉంటుంది. బజార్లో ఎదురైతే మొహం తిప్పుకుంటుంది. వాళ్ళ నాన్న కూడా పోయారు, ఇంక చెప్పేవాళ్ళు లేరు. వాడు కాదనలేదమ్మా అని ఆవిడకి ఒక్క మాట చెప్పు. నాకది చాలు."

ఇల్లు ఎక్కడో చెప్పాడు. వెళ్ళాను. ఆవిడ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. నన్ను ఎప్పుడూ చూసినట్టు లేదు. "ఎవరు కావాలండీ?" అంది.

"బాత్రూముల్లో గార వదిలిస్తామండి. ఏమన్నా పని ఉందేమోనని," అన్నాను.

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి, మాకక్కర్లేదని చెప్పి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

తిరిగొచ్చేసరికి తమ్ముడు ఎరువుల కొట్టు బయటే నిలబడి ఉన్నాడు. "చెప్పావా?"

"చెప్పా," అన్నాను.

"ఏమంది?"

"ఏమనలేదు. తలూపింది."

వాడు లోపల్నుంచి నాకు కుర్చీ తెచ్చి వేశాడు. చేతులకంటిన ఎరువు పొడి దులుపుకుంటూ, "సరే అయితే. ఈసారి కనబడితే పలకరిస్తా," అన్నాడు.