తాత కంటే ముందు పుట్టిన మట్టి

మట్టి పరీక్షల కేంద్రంలో అందరికీ ఆయన జల్లెడ బాబాయి. ఇరవై రెండేళ్ళుగా ఒకటే పని: పొలాల నుంచి వచ్చిన మట్టిని నీడన ఆరబెట్టడం, వెంట్రుకల్లాంటి వేళ్ళను పట్టకారుతో ఏరడం, జల్లించి పొట్లం కట్టడం. ఆకులూ వేళ్ళూ కుళ్ళి కర్బనంగా మట్టిలో చేరతాయి. లోతుకు దిగి బంకమట్టిని పట్టుకున్నది వేల ఏళ్ళు కదలదు. కాబట్టి కిందికి పోయేకొద్దీ దాని వయసు పెరగాలి.

ఈసారి ఒక చేను మట్టిలో పెరగలేదు.

"పైమట్టికి రెండు వేల ఏళ్ళు, నాలుగడుగుల కిందిదానికి మూడు వందలా! తాత కంటే మనవడు ముందు పుట్టాడా బాబాయ్?" అంది కేంద్రం నడిపే మేడం. తర్వాతి మాట మాత్రం నవ్వుతూ అనలేదు. "పొట్లాలు తారుమారైతే ఈ ఏడాది మీరు కట్టినవన్నీ పారేయాలి. మారాయా?"

ఆయనకు గుర్తు లేదు. ఇంటికెళ్ళి, తను అలా మార్చి ఉంటానా అని భార్యనడిగాడు.

"మొన్న పంచదార డబ్బాలో ఉప్పు పోసిన మహానుభావులు మీరే కదూ? ఆ మట్టినే అడగండి, మీకన్నా అదే నయం, దానికి గుర్తుంటుంది."

రాత్రంతా ఆలోచిస్తే, చేతులు పొట్లాలు మార్చడం కళ్ళకు కట్టినట్టు కనిపించింది. పొద్దున్నే తప్పు తనదేనని రాసి సంతకం పెట్టాడు. అయినా మనసొప్పక, "పారేసే ముందు ఆ చేను ఒకసారి చూద్దామమ్మా" అన్నాడు.

వెళ్ళారు. ఆయన మట్టి తోడే బరమాను నేలలో దించి తిప్పాడు. మూడడుగులు పచ్చటి బంకమట్టి, దాని కింద నల్లమట్టి. కలుపు తీస్తున్న ముసలామె నడుం ఎత్తి చూసింది.

"మా బావి మట్టిని మళ్ళీ తోడుతున్నారేం తల్లీ?"

"బావి మట్టేంటవ్వా?"

"నేను కాపురానికొచ్చిన ఏడు మా మావగారు బావి తవ్వించి, ఆ మట్టంతా ఈ పల్లంలో పోయించారు."

మేడం నోరు తెరిచి, ఆపైన పకపకా నవ్వింది. "మీ పొట్లాలు సరిగ్గానే ఉన్నాయి బాబాయ్! చేనే తిరగబడింది. బావి అడుగు మట్టి పైకొచ్చి, పాత పైమట్టి కిందికి పోయింది." సంచిలోంచి ఆయన రాసిచ్చిన కాగితం తీసి చింపేసింది.

ఆయనకు సంతోషం రాలేదు. పచ్చటి గడ్డను చిదుముతూ నిలబడ్డాడు.

"ఇందులోని కర్బనం ఇన్ని వేల ఏళ్ళు కింద కదలకుండా పడుంది. ఇప్పుడు పైకొచ్చింది కదమ్మా, మరి ఉంటుందా?"

"గాలీ పురుగులూ తగిలాక కొంత పోతుంది. ఎంతో, ఎప్పటికో నాకూ తెలీదు."

"పొట్లాలు మార్చినట్టు స్పష్టంగా గుర్తొచ్చిందమ్మా. చెయ్యని పని ఎలా గుర్తొస్తుంది?"

మేడం వంగి చింపిన కాగితం ముక్కలు ఏరింది.

"పొట్లాలు ఉంచండి," అన్నాడాయన చివరికి. "ఇకమీదట అనుమానమొస్తే చేనుకే వెళ్ళండి. నన్ను మాత్రం అడగకండి."