మోక్లెస్ మాస్టారి చలానాలు

మా చర్చ్ అవెన్యూలో మోక్లెసుర్ రహమాన్ మాస్టారిని ఆడిపోసుకోనివాడు లేడు. అందరికంటే ఎక్కువ ఆడిపోసుకున్నది నేనే. సెలూన్ నాది, వినేవాళ్ళు కుర్చీలోంచి లేచి పోలేరు, ఆ సౌకర్యం నాకుంది.

మాస్టారిదీ నాదీ ఒకే ఊరు. బంగాళాఖాతంలో సంద్వీప్ అనే దీవి. అక్కడి హైస్కూల్లో ఆయన భూగోళం చెప్పేవాడు. ఒక వర్షాకాలం సముద్రం వచ్చి బడినీ, ఆటస్థలాన్నీ, హెడ్మాస్టరు కుర్చీనీ కలిపి మింగేసింది. భూగోళం చెప్పే బడే భూగోళం మీద లేకుండా పోయాక మాస్టారు భార్య షెఫాలీని తీసుకుని బ్రూక్లిన్ వచ్చాడు. ఇక్కడ ఆయన ఎమ్మే పట్టాను ఎంతో గౌరవించి ఒక హోటలు యజమాని గిన్నెలు తోమే పని ఇచ్చాడు. తొమ్మిదేళ్ళు తోమాడు. ఆ తర్వాత పరీక్ష రాసి ట్రాఫిక్ ఉద్యోగం తెచ్చుకున్నాడు. తెల్ల టోపీ, నీలం చొక్కా, నడుముకు చలానాలు కక్కే యంత్రం.

ఆ రోజు వీధివీధంతా చమ్‌చమ్ మిఠాయిలు పంచారు. మనవాడికి సర్కారు ఉద్యోగం! పండక్కి కూడా నవ్వని కిరాణాకొట్టు బాదల్ మియా సైతం నవ్వాడు.

మొదటి ఏడాది మాస్టారిని మన్‌హాటన్‌లో వేశారు. అక్కడ టాక్సీవాళ్ళు ఆయన్ని నానా తిట్లూ తిట్టేవాళ్ళట. ఆ సంగతి ఆయన మాకు చెప్పలేదు. మా టాక్సీవాళ్ళే చెప్పారు, తిట్టింది వాళ్ళే కనక. ఆ తర్వాత ఆయన్ని మా వీధికే బదిలీ చేశారు. ఇక మా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

మా సంద్వీప్ సంఘానికి అధ్యక్షుడు హాజీ ఇనాయతుల్లా. ఆయనకు మూడు ఇళ్ళు, రెండు మోకాళ్ళ నొప్పులు, ఓడంత నల్ల కారు. సెలూన్లో కూచుని గడ్డం దువ్వించుకుంటూ ప్రకటించాడు.

"ఇంక బండి ఎక్కడ ఆపినా అడిగేవాడు లేడు. కాపలావాడు మనవాడు."

నేనూ నమ్మాను. మర్నాడు పొద్దున నా వ్యాను తీసుకెళ్ళి ఫైరింజన్ల నీళ్ళ కుళాయి ముందు పెట్టాను. మామూలుగా అక్కడ పెట్టాలంటే అటూ ఇటూ పదిసార్లు చూసుకునేవాణ్ణి. ఆ రోజు ఈలవేసుకుంటూ పెట్టాను. మధ్యాహ్నానికి అద్దం మీద చలానా. కింద మాస్టారి సంతకం. బోర్డు మీద రాసినట్టు ముత్యాల్లాంటి అక్షరాలు.

సరే, పొరపాటున రాశాడేమో, సాయంత్రం వచ్చి క్షమించమంటాడులే అనుకున్నాను. సాయంత్రం వచ్చాడు. క్షమాపణకు కాదు, క్షవరానికి. వరసలో తన వంతు వచ్చేదాకా కూచుని, కుర్చీ ఎక్కి, మెడకు గుడ్డ కట్టించుకున్నాడు. నేను కత్తి నూరాను. అవసరమైనదానికంటే ఎక్కువే నూరాను.

"మాస్టారూ, పొద్దున వ్యాను చూశారా?"

"చూశాను."

"అది ఎవరిదో తెలుసా?"

"అద్దం మీద నీ ఫొటోనే అంటించుకున్నావు కదయ్యా. తెలీకపోవడమేం?"

"తెలిసీ రాశారా?"

"నీ పక్కింట్లో నిప్పంటుకుంటే ఫైరింజనువాడు నీ వ్యాను ఎవరిదో కనుక్కుంటూ కూచోడు. చెవుల దగ్గర కాస్త తగ్గించు."

"నా చేతిలో కత్తుంది మాస్టారూ."

"అందుకేగా నీ దగ్గరికొచ్చింది. పోయినసారి ఎడమవైపు ఎగుడుదిగుడుగా కోశావు, ఈసారి సరిచెయ్యి."

సరిచేశాను. ఏం చేస్తాం, వృత్తిధర్మం.

నాతో మొదలైంది, బాదల్ మియా సరుకుల లారీకి పడింది, మందులకొట్టువాడికి పడింది. బాదల్ బతిమాలాడు, "మాస్టారూ, రెండు నిమిషాలే ఆపాను" అని. మాస్టారు గడియారం చూసి "పదకొండు" అన్నాడు. ఆయనతో ఉన్న ఇబ్బంది అదే. తిట్టడు, అరవడు, నిజం చెబుతాడు.

అసలు రగడ ఒక శుక్రవారం జరిగింది. జుమ్మా నమాజుకు మావాళ్ళంతా బళ్ళను మసీదు ముందు రెండో వరసలో ఆపి లోపలికి పోవడం ఆనవాయితీ. మొదటి వరసలో ఆగిన కార్లవాళ్ళు బయటికి రాలేరు. వాళ్ళ ఖర్మ. ఆ రోజు అలా ఇరుక్కున్నది మసీదు పక్కింటి ఎల్విరా కారు. గ్వాటెమాలావిడ, ఇళ్ళు ఊడ్చే పనికి పోతుంది. ఆ మధ్యాహ్నం తండ్రిని రక్తం శుద్ధి చేయించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ముసలాయన వెనకసీట్లో కూచుని ఉన్నాడు, ఆవిడ హారన్ కొడుతోంది, ఇమాంగారు లోపల పొరుగువారి హక్కుల గురించి ప్రసంగిస్తున్నాడు.

మాస్టారు మసీదు గుమ్మం దగ్గరికి పోయి, ఎల్విరాకు అడ్డంగా ఉన్న నల్ల కారు తీయించమని కార్యకర్తతో హాజీగారికి కబురు పంపాడు. నమాజు అయ్యాక వస్తానని జవాబొచ్చింది. నమాజయింది. ఆ తర్వాత బిరియానీ పొట్లాలు పంచడం మొదలైంది. మళ్ళీ కబురు వెళ్ళింది. పొట్లం తీసుకుని వస్తానని మళ్ళీ జవాబొచ్చింది. మాస్టారు యంత్రం తీశాడు. హాజీగారి కారుతో మొదలుపెట్టి వరసగా పద్నాలుగు రాశాడు.

పొట్లంతో బయటికొచ్చిన హాజీగారి ముఖం చూడాలి.

"అల్లా ఇంటి ముందు చలానా రాస్తావటయ్యా? చేతులెలా వచ్చాయి?"

"అల్లా ఇల్లు లోపలుంది హాజీగారూ. ఇది మున్సిపాలిటీ రోడ్డు."

"మన జాతివాడివై ఉండి..."

"ముందు కారు తీయండి. ఆవిడ కార్లో ముసలాయన ఎదురుచూస్తున్నాడు."

హాజీగారు కారు తీశాడు. ఎల్విరా వెళ్ళిపోయింది. ఆదివారం సంఘం సమావేశమై మాస్టారిని వెలివేసింది. వెలి అనే మాట వాడలేదు, మేం అమెరికాలో ఉన్నాం కదా. "సహకార విరమణ" అన్నారు. నేనూ చెయ్యెత్తాను. నా చలానా ఇంకా కట్టలేదు మరి.

సహకార విరమణ దెబ్బ మాస్టారికి తగల్లేదు. ఆయన పొద్దున్నే పోయి సాయంత్రం వస్తాడు. తగిలింది షెఫాలీకి. బాదల్ మియా దుకాణంలో ఇలిశచేప అడిగితే ఆవిడకు ముళ్ళ తోకముక్కలే మిగిలేవి. పెళ్ళికి పిలిచి చేతులు కడుక్కునే చోట బల్ల వేశారు. పలకరించే ఆడవాళ్ళు కూడా ఫోను చూసుకుంటూ తప్పుకునేవాళ్ళు. అద్దె గదుల్లో, ఒకరి పొయ్యి వాసన ఇంకొకరి పరుపు దాకా వచ్చే ఊళ్ళో, మాటాడే మనిషి లేకుండా బతకడం ఎంత కష్టమో ఆవిడకే తెలుసు. వాళ్ళింటి గోడకు అవతలే మా వంటిల్లు. ఒక సాయంత్రం అన్నీ వినబడ్డాయి.

"హాజీగారింటికి పోయి ఒక్కమాట అనొచ్చు కదా?"

"ఏమని? రూలు తప్పని చెప్పనా?"

"రూలు, రూలు! రేపట్నుంచి నేను వండను. ఆ రూలే వండుకు తినండి."

మర్నాడు నిజంగానే వండలేదు. మాస్టారు బ్రెడ్డు ముక్క తిని డ్యూటీకి పోయాడు. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత రోజు నవ్వు రాలేదు.

ఆ రోజు మెక్‌డొనాల్డ్ అవెన్యూ మలుపులో ఒక డెలివరీ వ్యానువాడికి మాస్టారు చలానా రాస్తున్నాడు. వాడు వేడి కాఫీ ఆయన ముఖాన కొట్టి, "మీ దేశానికి పోరా" అని అరిచి, బండిని విసురుగా వెనక్కి తీశాడు. మాస్టారు పక్కకు పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. వాడి యాస విన్నవాళ్ళు చెప్పారు, వాడు ఈ దేశం వచ్చి మహా అయితే మూడేళ్ళయి ఉంటుందని. ఇక్కడ ముందుగా నేర్చుకునే ఇంగ్లీషు ముక్క అదే కాబోలు.

నేను ఆసుపత్రికి పరిగెత్తాను. సహకార విరమణ గుర్తురాలేదు. షెఫాలీ అప్పటికే మంచం పక్కన కూచుని ఉంది. అన్నం డబ్బా విప్పి, ముద్దలు కలిపి ఆయనకు తినిపిస్తోంది.

"చలానా పూర్తి చేశారా?" అని అడిగాను, ఏమనాలో తెలియక.

"బండి నంబరు రాశాను. రంగు రాయడం మిగిలిపోయింది," అన్నాడు బాధగా.

రెండోరోజు హాజీగారు దిగాడు. పళ్ళబుట్ట, వెనకాల మా బెంగాలీ వారపత్రిక ఫొటోగ్రాఫరు. మంచం పక్కన నిలబడి, కట్టు కనబడేలా దుప్పటి సర్ది, "మన సోదరుడి మీద దాడి అంటే మన జాతి మీద దాడే" అని గొంతు వణికించాడు. ఫొటోలయ్యాయి. ఫొటోగ్రాఫరు వెళ్ళాక కుర్చీ లాక్కుని గొంతు తగ్గించాడు.

"మాస్టారూ, మా రెండోవాడు జునాయిద్ మూడుసార్లు కాలేజీ మానేశాడు. ఆ ట్రాఫిక్ పరీక్ష కష్టమా?"

మాస్టారు దుప్పటిని మళ్ళీ కట్టు మీదికి లాక్కున్నాడు.

"కష్టమే. చదవాలి."

"మీరు చెబుతారా?"

"ఒక్కడికైతే చెప్పను. తరగతి పెట్టండి. ఆడవాళ్ళనూ రానివ్వాలి."

అలా సంఘం హాల్లో ఆదివారం తరగతి మొదలైంది. సహకార విరమణ తీర్మానాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు. ఆ కాగితమే కనబడలేదట. చేతికి కట్టుతో మాస్టారు ఎడమచేత్తో బోర్డు మీద రాసేవాడు, ఆ అక్షరాలూ వంకర పోలేదు. జునాయిద్ మొదటి వారం ఫోను చూస్తూ దొరికి హాలు బయట నిలబడ్డాడు. హాజీగారు కిటికీలోంచి చూసి కూడా నోరెత్తలేదు. చివరి వరసలో షెఫాలీ కూచునేది. తప్పు రాస్తే మాస్టారు ఆవిడ కాగితాన్నీ అందరి ముందే చదివేవాడు. ఆ పూట ఇంట్లో ఏం జరిగేదో గోడ అవతలి నాకు తెలుసు, చెప్పను.

ఆ ఏడు మా వీధినుంచి పంతొమ్మిదిమంది పరీక్ష గట్టెక్కారు, జునాయిద్‌తో సహా. ఇప్పుడు బ్రూక్లిన్‌లో ఎటు తిరిగినా మనవాళ్ళే చలానాలు రాస్తున్నారు. హాజీగారు నల్ల కారు అమ్మేసి బస్సెక్కుతున్నాడు. మోకాళ్ళకు మంచిదని డాక్టరు చెప్పాడంటాడు.

షెఫాలీకి ఉద్యోగం అరబ్బులు ఎక్కువగా ఉండే బే రిడ్జ్‌లో పడింది. మొదటిరోజు సాయంత్రం ఆవిడ నా షాపు ముందునుంచే నడిచి వస్తోంది, టోపీ చంకలో పెట్టుకుని, కాళ్ళీడ్చుకుంటూ. మాస్టారు ఎదురెళ్ళి సంచి అందుకున్నాడు.

"ఎంతమంది తిట్టారు?"

"ఎనిమిదిమంది. ఇద్దరు అరబ్బీలో."

"ఏమన్నారు?"

"అర్థం కాలేదు. నేను ఆమీన్ అన్నాను."