కొత్తలు కాని కొర్రలు

తన నాలుగెకరాల పోడు మీద ఫారెస్టోళ్లు టేకు మొక్కలు నాటిన రోజున సోడె చిన్నక్క అడ్డుపడలేదు. పైగా, దాహమన్న కూలీలకు నీళ్లు ముంచి పోసింది. పట్టా లేదన్నారు, సరే అంది. పినపాక అవతల, అడవి అంచు గూడెంలో అందరూ అట్లాగే సరే అన్నారు.

ఇక మిగిలింది ఇంటి వెనక పెరడు. అత్త కాలం నాటి ఎర్ర కొర్ర విత్తనం అందులో చల్లింది. వాన లేక అది మాడిపోతే, విత్తనాల మట్టి గురిగిలో ఉన్నదంతా ఊడ్చి మళ్లీ చల్లింది. ఇదీ పోతే ఆ విత్తనం ఇక లేదు. పందులకు ముళ్లకంచె కట్టి, పిట్టలకు డబ్బా కొట్టి కాచింది. భాద్రపదానికి జానెడు కంకులు బరువుకు ఒరిగాయి.

అప్పుడొచ్చాడు ఫారెస్టు బీటాఫీసరు. "ఏందమ్మా, అడవి హద్దు కందకం నీ పెరట్లకెళ్లే పోతది. మూడొద్దులు టైమిస్తున్న, కోసుకో."

కొత్తల పండగనాడు దేవరకూ పెద్దలకూ కొత్త గింజ పెడతారు. అది కాకముందు ఆ గూడెంలో ఎవరూ పైరుకు కొడవలి పెట్టరు. పండగ రోజు ఖాయం చేసే పూజారి గోపాలు దగ్గరికి పోయింది చిన్నక్క.

"అయిదో నాడే అక్కా. నీ ఒక్కదాని కోసం ఊరి పండగ ముందుకు జరుపుతమా?"

కోడలు కళావతి కొడవలితో ఎదురొచ్చింది. "అత్తా, విత్తనానికన్న నాలుగు కంకులు కొయ్యరాదే. ఎవరు జూస్తరు?"

"సచ్చిపోయిన మా అత్త జూస్తది. రెండొద్దులే గద తేడా. దేవరకు ఆగాలంటే ఆఫీసరు ఆగడా?"

ఆగలేదు. నాలుగో పొద్దున పొక్లెయిను కంచె తొక్కుకుంటూ వచ్చింది.

"సారూ, ఒక్క పొద్దు! రేపు నేనే కోస్త."

"గడ్డికి గూడ పండగేందే?" అని నవ్వాడు ఆఫీసరు.

జీపు డ్రైవరు దిగి మంచి కంకులు గుప్పెడు తెంపుకున్నాడు. "మా ఇంట్ల చిలకలున్నయి సార్, మస్తు తింటయి."

అందులో ఒక్కటి ఇమ్మని చిన్నక్క అడగలేదు. కొత్తలు కాని కంకిని ఎట్లా ముట్టుకుంటుంది? కళ్లముందే పైరంతా కందకం తవ్విపోసిన నిలువెత్తు మట్టికట్ట కిందికి పోయింది.

మర్నాడు పండగ. దొన్నెలో కోటా బియ్యం పోసుకుపోతే గోపాలు పక్కకు జరిపాడు. "దుకాణం బియ్యం కొత్తలేందక్కా?"

ఇంటికొచ్చాక కళావతి ఒకటే మాటంది. "పెద్దల మాట నిలబెట్టినవ్. సల్లగుండు."

వారం పాటు చేతులతో కట్ట తవ్వింది చిన్నక్క. వాన విడవలేదు. దొరికిన కంకులన్నీ కుళ్లినవే.

అయ్యో అనకండి. మీ అటకల మీద, ఏ ముసలమ్మ గురిగిలోనో ఎర్ర కొర్ర విత్తనముందేమో వెతకండి. పిడికెడు చాలు, తొలకరిలోపు ఆ గూడేనికి చేర్చండి. ఈసారి ఏ పెరట్లో కందకానికి ముగ్గు పోస్తే, వెళ్లి ఆ పెరట్లో నిలబడండి. కొత్తలయ్యేదాకా కదలకండి.